మూడో ఛాంబర్ సంగతి నాకు తెలియదు

తనకు తెలిసిన పనిని పక్కవాడికి చెప్పేవాడంత ద్రోహి ఇంకొకడు లేడు!

కోపగించుకోకండి. నిదానంగా ఆలోచించండి. పదేళ్ళు చేతులు కాల్చుకుని నేర్చుకున్న కిటుకును టీ తాగుతూ పక్క సీటువాడికి చెప్పేస్తే, సాయంత్రం ఇంటికి పట్టుకెళ్ళడానికి మీ దగ్గర మిగిలేదేమిటి? ఖాళీ క్యారేజీ! తెలిసినా తెలియనట్టు కూర్చోవడం ఒక కళ. ఆ కళ వాడవాడలా వర్ధిల్లాలనే నేనీ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

సాక్ష్యం కావాలా? గుంటూరు నుంచి పెదకాకాని వెళ్ళే దారిలో ఒక కోల్డ్ స్టోరేజీ ఉంది. పేరు చెప్పను, నేనక్కడే గుమాస్తాను. మనుషుల పేర్లు మార్చాను. బుద్ధులు మార్చడం మాత్రం నా వల్ల కాలేదు.

అక్కడ కంప్రెసర్ ఆపరేటరు ప్రేమదాసు. పన్నెండేళ్ళ సర్వీసు. మోటారు చప్పుడు విని దాని ఒంట్లో ఎలా ఉందో చెప్పగలడు. చేరిన కొత్తలో పాపం అమాయకుడు. బస్తాలను గోడకు ఆనించకుండా మూరెడు ఎడం వదిలితే గాలి ఆడి సరుకు చెడదని కనిపెట్టి, పరుగెత్తుకుంటూ వెళ్ళి మేనేజరు యలమందయ్యగారికి చెప్పాడు. యలమందయ్యగారు ఒంగోలులో ఉండే ప్రొప్రయిటరుగారికి ఆ సంగతి తన సొంత తెలివిగా చెప్పుకున్నారు. ప్రొప్రయిటరుగారు మెచ్చుకుని ఆయనకు చేతి గడియారం బహూకరించారు. ఆ నెలలోనే మోటారు బెల్టు తెగింది. అది ప్రేమదాసు అజాగ్రత్త అని రిపోర్టు వెళ్ళింది.

మంచి జరిగితే మేనేజరుది, చెడు జరిగితే ఆపరేటరుది! ఇంత తేటగా పని పంచిన నాయకుణ్ణి మీరెక్కడైనా చూశారా?

ప్రేమదాసు బుద్ధిమంతుడయ్యాడు. ఆ తరవాత ఇంకో సంగతి కనిపెట్టాడు. మూడో ఛాంబర్లో, అంటే సరుకు ఉంచే మూడో చలిగదిలో, పైకప్పు కింద ఉండే గొట్టాల మీద మంచు బెత్తెడు మందాన పేరుకుంటుంది. అది పేరుకుంటే లోపల చల్లదనం పోతుంది. మిగతా ఛాంబర్లకు వారానికోసారి కరిగిస్తే సరిపోతుంది కాని, దీనికి రెండుసార్లు చేయాలి. ఈసారి ఎవరికీ చెప్పలేదు. లోపల గడియ పెట్టుకుని పని ముగించి, ఏమీ ఎరగనట్టు బయటికొచ్చి బీడీ వెలిగించేవాడు.

ఇక కొండమ్మ. వచ్చిన మిరపకాయ ఆరిందో లేదో చూసి చెప్పడం ఆమె పని. గుప్పెడు కాయలు చెవి దగ్గర ఊపి చెప్పేస్తుంది. రెండేళ్ళ కిందట ఒక లాట్ పట్టుకుని, "ఇయ్యి తూకానికి నీళ్ళు చల్లిన కాయలండీ" అని పదిమందిలో అంది. ఆ కాయలు యలమందయ్యగారి బావమరిది పేరయ్యవి! నోటి దురుసు కింద ఆమెను నెల రోజులు పనిలోకి రానివ్వలేదు, అదీ సరిగ్గా సీజన్లో. ఇప్పుడు కొండమ్మ ఏ కాయ ఊపినా ఒకటే మాట: "బాగున్నయ్యండి."

మంచి నడవడి ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది కదా! ఎలక్ట్రీషియన్ సిలార్ ఫ్యూజుల మీద కాగితాలన్నీ పీకేశాడు. ఏది దేనిదో ఆయన వేళ్ళకే తెలుసు. వాచ్‌మన్ హయాత్ తాళాలగుత్తిలో తొమ్మిది తాళాలుంటే రెండే పనికొస్తాయి. ఆ రెండేవో ఆయన చెప్పడు. నేనేమైనా తక్కువ తిన్నానా? ఏ బస్తా ఎవరిదో నాకు తప్ప బ్రహ్మకు కూడా అర్థం కాకుండా రిజిస్టరు రాయడం మొదలుపెట్టాను.

ఇంత క్రమశిక్షణ నడుస్తుండగా, ప్రేమదాసు మిరప పండించాడు. పోయిన ఏడాది వేసిన పత్తిని తెల్లదోమ నాకేసింది. ఈ ఏడాది కౌలు చేనులో మిరప వేస్తే, అన్నీ పోను పదిహేను టిక్కీలు మిగిలాయి. కాయల బస్తాను మా వైపు టిక్కీ అంటారు. ధర పెరిగాక అవి అమ్మి, తుఫాన్ల కాలానికి ముందే ఇంటి మీద తాటాకు తీసేసి పెంకు వేయిస్తానని భార్య రెబ్కాకు మాటిచ్చాడు. పోయిన తుఫానుకు కప్పు ఎగిరిపోయి, పిల్లలతో మూడు రోజులు బడి వరండాలో తలదాచుకున్న మనిషి ఆమె. "ఈసారి పెంకే" అని ఆమె రోజూ అంటూనే ఉంది. ఆ పదిహేనింటినీ ప్రేమదాసు మూడో ఛాంబర్లోనే పెట్టించుకున్నాడు. తాను కంటికి రెప్పలా చూసుకునే చోటు కదా!

వారం తిరక్కుండా వాటిని ఆనుకుని రెండు వందల టిక్కీలు దిగాయి. అవి పేరయ్యవి. కొండమ్మ ఊపింది. గింజ పలకలేదు. "బాగున్నయ్యండి" అంది.

ఆ రోజుల్లోనే ప్రొప్రయిటరుగారు హైదరాబాదులో మూడు రోజుల ట్రైనింగుకు వెళ్ళి, ఒక ఫైలూ ఒక కొత్త మాటా పట్టుకొచ్చారు. క్వాలిటీ సర్కిల్! పనివాళ్ళంతా గుండ్రంగా కూర్చుని తమకు తెలిసింది ఒకరికొకరు చెప్పుకోవాలట. కుర్చీలు గుండ్రంగా వేశారు. యలమందయ్యగారు తన కుర్చీ సరిగ్గా మధ్యలో వేయించుకున్నారు.

"భయపడకుండా చెప్పండి," అన్నారు పెన్ను మూత తీస్తూ. "ఎవరేం చెప్పారో పేరుతో సహా రాసుకుంటాను."

ప్రేమదాసుకు చెప్పాలనిపించింది. నిజంగానే అనిపించింది. ఇంకో నాలుగు రోజుల్లో అత్తగారి ఊరు పర్చూరులో చర్చి ప్రతిష్ఠ ఉంది, వెళ్ళక తప్పదు. వెళ్తే మూడో ఛాంబర్ని చూసేదెవరు? నోరు తెరవబోయాడు. యలమందయ్యగారి చేతికి గడియారం కనబడింది. నోరు మూసుకున్నాడు. పక్కన కొండమ్మ కూడా ఏదో అనబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అంతా సక్రమంగా ఉందండీ!" అన్నాం అందరం ఒకే గొంతుతో. ఒక్క లోపం కూడా లేని సంస్థ తనదేనని ప్రొప్రయిటరుగారు పొంగిపోయి అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించారు.

బస్టాండుకు పోతూ పోతూ ప్రేమదాసు, తన బదులు కంప్రెసర్ చూడబోయే సిలార్ ముందు ఆగాడు. చెబితే? పన్నెండేళ్ళ ఉద్యోగం రెండు ముక్కల్లో అయిపోదూ? "వెళ్ళొస్తా బాయ్" అని బస్సెక్కాడు.

నాలుగు రోజులకని వెళ్ళినవాడు, మామగారికి కామెర్లు రావడంతో పద్దెనిమిది రోజులు ఉండిపోయాడు. మనసొప్పక, మూడో ఛాంబర్ మంచు సంగతి రాద్దామని పోస్టు కార్డు కొన్నాడు కూడా. కార్డు ముక్కను దారిలో అందరూ చదువుతారు కదా! "నేను క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను" అని రాసి డబ్బాలో వేశాడు.

ఇక్కడ మూడో ఛాంబర్ థర్మామీటరు రోజురోజుకూ ఎక్కుతోంది. హయాత్ చూశాడు. చెప్పలేదు. చూసినవాడినే కదా ముందు పట్టుకునేది!

ప్రేమదాసు తిరిగొచ్చి తలుపు తీసేసరికి బూజు వాసన గుప్పుమంది. పేరయ్య సరుకు ముద్దయి కూర్చుంది. ఆ చెమ్మ పాకి, పక్కనున్న పదిహేను టిక్కీల్లో ఎర్రటి కాయ ఒక్కటి మిగల్లేదు. ఒక టిక్కీ కోసి చూశాడు, ఇంకోటి కోశాడు, పదిహేనూ కోశాడు.

"కొండమ్మక్కా, ఈ పక్క సరుకు తడిదని నీకు తెలవదా?"

"తెలుసు తమ్ముడూ."

"తెలిసీ చెప్పలేదా?"

"చెబితే ఏమవుద్దో నువ్వు చూళ్ళేదా? అయినా ఇయ్యి నీ కాయలని నాకెవురు చెప్పారు?" ఆమె కళ్ళు తుడుచుకుంది. "నువ్వు ఊరెళ్తా ఈ గదికేం చెయ్యాలో ఎవురికన్నా చెప్పావా?"

ప్రేమదాసు, నలభై ఏళ్ళ మనిషి ఆ బూజు కాయల మధ్య కూర్చుని భోరుమన్నాడు. రిజిస్టరు చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డ నాకు ఎటు చూడాలో తెలియలేదు.

రిపోర్టు ఒంగోలు వెళ్ళింది. తడి సరుకు ప్రేమదాసుదనీ, దానివల్లే పాపం పేరయ్యగారి సరుకు చెడిపోయిందనీ. తరవాత యలమందయ్యగారు ప్రేమదాసును గదిలోకి పిలిచారు.

"నిన్ను ఈపాటికి పీకేసేవాణ్ణిరా. ఆ మూడో ఛాంబర్ని నువ్వేం చేసేవాడివో ఇంకెవడికీ తెలిసి చావలేదు. అందుకని ఉంచుతున్నా."

చూశారా! దాపరికం చేసిన మేలు! కాయలు పోయాయి, కప్పు పోయింది, పరువు పోయింది, ఉద్యోగం మాత్రం నిలబడింది. ఇంకా నా మాట మీద అనుమానమా?

కాని ప్రేమదాసుకు మతి చలించింది. ఆదివారం ఆరాధన ముగించుకుని, తెల్ల చొక్కాతోనే నేరుగా ఇంజిన్ రూముకొచ్చాడు. వెంట కొండమ్మ ఉంది. గొట్టాలకు పూసే ఎర్ర రంగు తీసి, ఎదురుగోడ నిండా తనకు తెలిసిందంతా రాశాడు. కొండమ్మకు రాత రాదు. ఆమె చెబుతుంటే అదీ రాశాడు.

సోమవారం తొమ్మిదింటికి యలమందయ్యగారు పైనుంచి రెండు వరుసలు చదివారు. "అంతా రాసేశాడా? అయితే ఇక వీడితో పనేముంది?" అన్నారు. పది గంటలకు ప్రేమదాసు గేటు బయట ఉన్నాడు. పదకొండింటికి ఆయన చూపు కాస్త కిందికి దిగి కొండమ్మ చెప్పిన వరుస దగ్గర ఆగింది. "ఇదెవరి మీద రాత? మా బావమరిది మీదా? సున్నం కొట్టించండి, గోడంతా!"

మనిషినీ పంపించేశారు, గోడనూ తుడిపించేశారు, అదీ రెండు గంటల్లో! నాయకత్వమంటే ఇదీ.

ఆ రోజు కూలీ ఎవరూ దొరక్క, సున్నం బకెట్టు నా చేతికిచ్చారు. కొట్టాను.

శుక్రవారం థర్మామీటరు మళ్ళీ ఎక్కింది. యలమందయ్యగారు చెమటలు తుడుచుకుంటూ నా బల్ల దగ్గరికొచ్చారు.

"ఏమయ్యా గుమాస్తా, ఆ గోడ మీద ఏం రాసి ఉందో నీకేమన్నా గుర్తుందా?"

"సున్నం కొట్టమన్నారు, కొట్టానండి. చదవమని చెప్పలేదు కదండీ."

అయ్యలారా, తెలిసింది దాచుకోవడమే నా మతమని మొదటే మనవి చేశాను. కాబట్టి మూడో ఛాంబర్‌కు మంగళవారం, శుక్రవారం చల్లదనమిచ్చే అమ్మోనియా వాల్వు మూసి, గొట్టాల మీద నీళ్ళు కొట్టి, మంచంతా జారిపోయాకే వాల్వు మళ్ళీ తెరవాలని చచ్చినా మీకు చెప్పను. గుప్పెడు కాయలు చెవి దగ్గర ఊపితే గింజ గలగలలాడాలనీ, పలక్కపోతే అది ఎవరి బావమరిది సరుకైనా లోపలికి రానివ్వకూడదనీ అసలే చెప్పను. ఈ పేపరు ఎన్ని వేల కాపీలు అచ్చవుతుందో నాకు తెలియదు. అన్నిటికీ సున్నం కొట్టాలంటే యలమందయ్యగారికి చాలా బకెట్లు కావాలి.

గోడ మీద అన్నిటికంటే కింద ఇంకో వరుస ఉంది. "ఇంకేమన్నా తెలవకపోతే పాలెంలో మా ఇంటికొచ్చి అడగండి, చెబుతాను. తాటాకిల్లు. ప్రేమదాసు."

ఆ ఎర్ర రంగు కనబడకుండా చేయడానికి నాకు మూడు పూతలు పట్టాయి.