వెనుక పోసిన నీళ్లు

సదానందం ఆ ఉదయం కేసముద్రం రైలెక్కి, అలిగి పుట్టింటికి వెళ్లిన భార్య కళావతిని తీసుకురావాలనుకున్నాడు. అలక ఊరికే రాలేదు. పిల్లి ఎదురైందని సొంత మరదలి పెళ్లికే వెళ్లని మనిషితో ఆమె విసిగిపోయింది. "పొద్దటి బండికి రావాలె. మల్ల శకునాల ముచ్చట చెప్పినవో, ఇగ నేను రానే రాను" అని ఫోన్‌లో తేల్చేసింది. ఆమె లేని ఇంట్లో అతనికి ముద్ద దిగడం లేదు.

మేడ మీద గదిలో ఎమినే అద్దెకుంటోంది. బల్గేరియా కొండల్లో చిన్న పల్లె ఆమెది; ఊళ్లో దాదాపు అందరూ టర్కీ భాష మాట్లాడేవాళ్లే. వరంగల్ జంపఖానాల నేత చూసిపోదామని వచ్చి, ఎదురింటి మొగిలమ్మ దగ్గర నాలుగు తెలుగు ముక్కలు పట్టింది. వాళ్ల ఊళ్లో పనుల కోసం దేశాలు పట్టిపోయేవాళ్లే ఎక్కువ. బయలుదేరిన మనిషి వెనుక నీళ్లు పోస్తే క్షేమంగా తిరిగొస్తాడని అక్కడి నమ్మకం.

సదానందం గుమ్మం దాటాడో లేదో, వెనుక భళ్లున చెంబెడు నీళ్లు!

"అయ్యో! శవం లేసినంక గదా ఇల్లు కడిగేది! నేనింకా బతికే ఉన్న గద చెల్లె!"

"మంచిది అన్నా! నీళ్ల లెక్క పోవాలె, నీళ్ల లెక్క రావాలె" అంది ఎమినే నవ్వుతూ.

అపశకునమైతే ఏం చేయాలో అతనికి కంఠతా వచ్చు. లోపలికొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ లేచాడు. ఇంత తొందరగా తిరిగొచ్చాడంటే నీళ్లు బ్రహ్మాండంగా పనిచేశాయని ఎమినే మురిసిపోయింది. ఈసారి బిందె గుమ్మరించింది. అతను మళ్లీ వచ్చాడు, మళ్లీ కూర్చున్నాడు, మళ్లీ తాగాడు. మూడోసారి బకెట్. అటు రైలు టైమైపోతోంది. కాళ్లు బయటికి, మనసు లోపలికి లాగుతుంటే తడి బండ మీద వెల్లకిలా పడ్డాడు.

ఎమినే అతణ్ని ముందుగదిలో పడుకోబెట్టి, నొప్పి గోలీ మింగించి, ఈగలు వాలకుండా తెల్ల దుప్పటి తల దాకా కప్పింది. వాడలో మందుల షాపు ఇంకా తెరవకపోవడంతో మలాం కోసం ఆటోలో హనుమకొండకు పోయింది.

ఆ తర్వాత మొగిలమ్మ తొంగి చూసింది. గడప ముందు నీళ్లు పారుతున్నాయి. లోపల తెల్ల దుప్పటి. ఇంకా అడగాల్సిందేముంది? "బిడ్డా కళావతీ, జర గుండె గట్టి చేస్కో. ఇల్లు గూడ కడిగిన్రు" అంటూ ఫోన్‌లోనే శోకం అందుకుంది.

గోలీ మత్తు వదిలేసరికి సదానందం చుట్టూ ఏడుపులు. కేసముద్రం నుంచి తండ్రితో పరుగున వచ్చిన కళావతి అతని మీద పడి గుండెలు బాదుకుంటోంది. "ఒక్కసారి లేవయ్యా! పిల్లి ఎదురొస్తే ఆగుదాం, ఎవలన్న తుమ్మితే ఆగుదాం, ఇగ నిన్ను ఇడిశి యాడికీ పోను!"

లేవాలనే ఉంది పాపం. కానీ ఇంకేం హామీలు వస్తాయోనని మరికాసేపు ఊపిరి బిగబట్టాడు. చివరికి తనకూ ఏడుపు ఆగక దుప్పటి తీశాడు. "మీ నాయిన గూడ ఇన్నడు. మాట మార్చొద్దు మల్ల."

మొగిలమ్మ కెవ్వున అరిచి వీధిలో పడింది. కళావతి అతని భుజం మీద రెండు చరిచి, ఆ చెయ్యి అక్కడే ఉంచేసింది. హనుమకొండలోనూ షాపు తెరిచేదాకా కాచుకుని అప్పుడే మలాంతో వచ్చిన ఎమినే జనాన్ని చూసి నోరు వెళ్లబెట్టింది. "అన్న పోనే పోలే, ఇంతమంది ఎట్ల వచ్చిన్రు!"

నడుము పట్టేసినా సదానందం మర్యాద తప్పలేదు. తన చావుకు వచ్చిన చుట్టాలందరికీ తానే పేరుపేరునా చాయ్ అందించాడు.