మా నాన్న స్థానికత

మనిషి పుట్టాడనడానికి మంత్రసాని మాట చాలు. బతికున్నాడనడానికి ఊపిరి చాలు. ఫలానా రాష్ట్రంలో ఉంటున్నాడనడానికి మాత్రం కరెంటు బిల్లు కావాలి. మా ఇంట్లో గొడవ ఆ బిల్లు గురించే. మొదలై అప్పటికి మూడో రోజు.

"పదకొండేళ్ల కిందట పోయిన మనిషి పేర ఇంకా కరెంటేమిటమ్మా?" అన్నాడు మా అన్న నికనోర్.

"ఆయన పేరు తీసేస్తే ఆయనెక్కడికి పోతాడ్రా?" అంది అమ్మ, పెనం మీద టోర్టియా రొట్టె తిప్పేస్తూ.

ఒక్క కరెంటే కాదు. నీళ్లు, గ్యాసు, ఇంటిపన్ను, చేపలు పట్టే లైసెన్సు (ఏటేటా అమ్మే వెళ్లి పొడిగించి వస్తుంది) అన్నీ మా నాన్న అబుందియో పేరనే.

మధ్యలో నలిగింది మా చెల్లెలి కూతురు సులేమా. తల్లి పోయాక, రెండేళ్లప్పటి నుంచీ అమ్మమ్మ దగ్గరే పెరిగింది. టెక్సస్ దాటి అడుగు బయట పెట్టలేదు. ఇప్పుడు నర్సింగు కాలేజీలో సీటొచ్చింది. శుక్రవారంలోగా స్థానికురాలినని రుజువు చేసుకుంటే ఒక ఫీజు. లేకపోతే మూడింతలు, అంటే చదువు లేనట్టే.

సోమవారం అమ్మా, సులేమా, నేనూ కాలేజీ నివాస నిర్ధారణాధికారి టాలివర్ గారి ముందు కూర్చున్నాం. మర్యాదస్తుడు. (కాదనే ముందు ప్రతిసారీ నవ్వుతాడు.) సులేమా బడి ఫోటోలన్నీ చూపించాం, ముందు పళ్లూడిన దానితో సహా. ముద్దుగా ఉందని నవ్వాడు.

"మావాళ్లు ఏడు తరాలుగా ఈ ఏటి ఒడ్డునే ఉన్నారు బాబూ. అప్పటికి ఈ రాష్ట్రమే పుట్టలేదు," అంది అమ్మ.

"చిక్కంతా అదేనమ్మా. లేని రాష్ట్రంలో ఉన్న కాలం లెక్కలోకి రాదు."

ఫైలంతా తిరగేసి, ఒక్కరికి మాత్రం అన్ని అర్హతలూ ఉన్నాయని తేల్చాడు. మా నాన్నకి. ఆయన పోయాడని చెప్పాం. ఆ సంగతి రాయడానికి ఫారంలో గడి లేదన్నాడు.

"గత పన్నెండు నెలల్లో రాష్ట్రం వదిలి వెళ్లారా?"

"పదకొండేళ్లుగా కదల్లేదు," అన్నాను.

"ఆయనైతే ఇవాళే చేర్చుకునేవాళ్లం," అన్నాడు విచారంగా.

బిల్లులైతే పిల్ల పేరనో, పెంచినవాళ్ల పేరనో పన్నెండు నెలలవి కావాలట. ఇప్పుడు పేరు మార్చినా లాభం లేదు. అదే పిల్ల పేర సొంత జాగా ఉంటే ఒక్క కాగితం చాలట. (భూమి పారిపోదని కాబోలు.)

"జాగా ఎంతుండాలి?" అని అడిగింది అమ్మ.

"కొలత నిబంధనల్లో లేదమ్మా."

గురువారం మధ్యాహ్నం అందరం భోజనానికి కూర్చున్నాం. అమ్మ చిక్కుడు గింజల గిన్నె ఇటు జరుపుతూ, ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా చెప్పింది:

"శ్మశానంలో మీ నాన్న పక్కన నాకని కొనిపెట్టుకున్న చోటు సులేమా పేర రాయించేశాను."



"మరి నువ్వమ్మా?" అన్నాడు నికనోర్.

"నలభై రెండేళ్లు ఆయన గురక విన్నాను, చాల్లే. ఎక్కడో చోట పడుకుంటాను. కరెంటు బిల్లు మాత్రం ఎవరూ ముట్టుకోకండి."

సులేమా కళ్లు తుడుచుకుని ఫారం దగ్గరకు లాక్కుంది. నింపుతూ నింపుతూ ఆఖరి గడి దగ్గర ఆగింది.

"అమ్మమ్మా, ఈ స్థలంలో ఎప్పటి నుంచి కాపురముంటారని అడుగుతున్నారు."

అమ్మ దాని పళ్లెంలో ఇంకో టోర్టియా వేసింది.

"చదువయ్యాక అని రాయి."