నాన్నగారి పరిస్థితి విషమంగానే ఉంది

మా నాన్నగారి ఆరోగ్య పరిస్థితి నేటికీ విషమంగానే ఉందని బంధుమిత్రులందరికీ ఇందుమూలంగా తెలియజేయడమైనది. ఈ వాక్యం నేను రాసిందే. కరెంటాఫీసులో సరఫరా నిలిపివేత ప్రకటనలు రాసే ఉద్యోగం నాది. జనానికి రాబోయే కష్టాన్ని మర్యాదగా చెప్పడంలో పదిహేనేళ్ల అనుభవం ఉంది.

నాన్న దర్జీ. నలభై ఏళ్లుగా వేలికి సూది గుచ్చుకుంటూనే ఉంది కాబట్టి మొన్న వేసవిలో గుచ్చుకున్నదాన్ని ఆయన ఖాతరు చేయలేదు. వేలు వాచింది. "అదే పోతుంది" అన్నారు. జ్వరమొచ్చింది. "అదీ పోతుంది" అన్నారు. నాలుగో రోజు నన్ను ఎగాదిగా చూసి, "కొలతలివ్వడానికొచ్చారామ్మా?" అని అడిగారు. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందని, కిడ్నీలు మొరాయిస్తున్నాయని, డెబ్బై రెండు గంటలు గడిస్తేగానీ ఏమీ చెప్పలేమని ఆస్పత్రిలో డాక్టరు చెప్పారు.

"డెబ్బై రెండు గంటలు" అన్న మాట బయటికి పొక్కగానే బంధుత్వం ఒళ్లు విరుచుకుని లేచింది. తొమ్మిది రోజుల్లో తొంభై ఆరుగురు పరామర్శకు వచ్చినట్టు గేటు దగ్గరి రిజిస్టరు సాక్ష్యం చెబుతుంది. పెదనాన్న ఫ్లాస్కుతో, దిండుతో సహా వచ్చి ఐసీయూ ముందున్న బెంచీని స్వాధీనం చేసుకున్నారు. ఒకాయన రెండు పూటలా వచ్చి నా వంతు కూడా ఏడ్చి వెళ్లేవారు. ఆయన మాకేమవుతారో అడిగే ధైర్యం ఇప్పటికీ చాలలేదు. చేతులు కడుక్కున్నాకే లోపలికి రమ్మని నర్సు అంటే మామయ్య అలిగారు. "నా చేతులకేమైంది? పుట్టినప్పట్నుంచీ వీటితోనే తింటున్నా" అన్నారు. పెదనాన్న మాత్రం లేచి నిలబడి, అందరూ వినేలా ప్రసంగించారు.

"మా తమ్ముడు ఒక్కసారి కళ్లు తెరవాలి. అంతే! ఆ తర్వాత వాణ్ని చూసుకునే పూచీ నాది. ఇది నలుగురిలో చెబుతున్న మాట."

నర్సు కసురుకుంటుందనే భయం లేకపోతే చప్పట్లు మోగేవి.

పదో రోజు నాన్న కళ్లు తెరిచారు. ఎదురుగా ఉన్న పెదనాన్న చొక్కా కాలరు వంక చూసి, "అది నేను కుట్టింది కాదు" అన్నారు. గండం గడిచిందని డాక్టర్లు ప్రకటించారు. సాయంత్రానికల్లా బెంచీ ఖాళీ. వెళ్లిపోతున్నవాళ్ల ముఖాల్లో సంతోషం లేదని నేననను. సినిమా చివరి ఆట మధ్యలో కరెంటు పోయినప్పటి చిన్న వెలితి కూడా ఉంది.

చావు తప్పిన మనిషికి అసలు పని ఆ తర్వాతే మొదలవుతుందని ఎవరూ చెప్పరు. ఐదు వారాలకు ఇంటికొచ్చిన నాన్న సగం మనిషి. తొడల్లో కండ లేదు. చెంచా నోటిదాకా వెళ్లేలోపు సగం చారు చొక్కా తాగేది. చెప్పే మాట సగంలో మరిచిపోయి, మరిచిపోయినందుకు నాకు క్షమాపణ చెప్పేవారు. ఫిజియోథెరపిస్టు వచ్చి, "రోజూ నడిపించాలి. చెరోవైపు ఒకరు పట్టుకోవాలి. ఈ రెండు నెలలూ అశ్రద్ధ చేస్తే ఇక మంచమే" అని తేల్చి చెప్పింది. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. నేనొక్కదాన్నే పట్టుకుని ప్రయత్నించాను. ఇద్దరం పడ్డాం. నేలమీద కూర్చుని నాన్న, "అమ్మాయ్, నీకేం తగల్లేదు కదా?" అన్నారు. ఆస్పత్రిలో రాని ఏడుపు అప్పుడొచ్చింది.

కుటుంబం గ్రూపులో నిజాయితీగా ఒక ప్రకటన పెట్టాను. "నాన్న కోలుకుంటున్నారు. నడిపించడానికి రోజుకు అరగంట ఒకరి సాయం కావాలి." చేతులు జోడించిన బొమ్మలు ముప్పై ఒకటి, పువ్వులు పద్నాలుగు వచ్చాయి. మనిషి రాలేదు. పెదనాన్నకు ఫోన్ చేశాను.

"కోలుకుంటున్నాడు కదమ్మా, ఇంకా మేమెందుకు? ఆ తొమ్మిది రోజులు బెంచీ మీద కూర్చుంటేనే నా నడుం పట్టేసింది" అన్నారు.

మూడు వారాలు గడిచాయి. అప్పుడు నా వృత్తిధర్మం గుర్తుకొచ్చింది. రేపు కరెంటు ఉంటుందని ప్రకటిస్తే ఎవరు చదువుతారు? ఉండదంటే ఊరంతా చదువుతుంది. వెంటనే రాశాను: "నాన్నగారి పరిస్థితి మళ్లీ ఆందోళనకరంగా మారింది. చూడదలచినవారు రోజుకొకరు చొప్పున, కేటాయించిన సమయానికి రాగలరు."

గంటలో పెదనాన్న ఫ్లాస్కుతో దిగారు. "కిటికీ దాకా నడవాలని నాన్న కోరిక" అన్నాను. చివరి కోరిక అని నేననలేదు. ఆయనే అనుకున్నారు. కళ్లు తుడుచుకుంటూ ఎడమవైపు పట్టుకుని, కిటికీ దాకా నడిపించి, మళ్లీ మంచం దాకా తెచ్చారు. మర్నాడు అత్త వచ్చింది, ఆ మర్నాడు మామయ్య. రెండు పూటలా ఏడ్చే ఆయన అడగకుండానే రెండుసార్లు వచ్చారు. పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడని నాన్న మొదట ససేమిరా అన్నారు. వారం తిరక్కుండానే, "రేపెవరమ్మాయ్? మీ అత్తయితే కుడివైపు పెట్టు, దాని పట్టు గట్టిది" అనే స్థాయికొచ్చారు. ప్రతివారూ వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర, "ఇంక ఎన్నాళ్లో లేదమ్మా, ధైర్యంగా ఉండు" అని నన్ను ఓదార్చారు. నేను ధైర్యంగానే ఉన్నాను.

రెండు నెలలయింది. నాన్న ఇప్పుడు ఒక్కరి చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా నడుస్తున్నారు. "మీ వాళ్లు ఎంత మంచివాళ్లండీ!" అని ఫిజియోథెరపిస్టు ఆశ్చర్యపోయింది. ఒప్పుకున్నాను. ఇక మెట్లెక్కడం మిగిలింది. దానికి మళ్లీ ఇద్దరు కావాలి కాబట్టి పరిస్థితి విషమంగానే కొనసాగుతోంది.

ఇంతదూరం చదివిన మీరు కూడా ఎక్కడో ఒకచోట "అయ్యో పాపం" అనుకునే ఉంటారు. సంతోషం. బుధవారం ఉదయం ఎడమవైపు ఖాళీగా ఉంది. వచ్చేట్టయితే ఒకరోజు ముందు చెప్పండి, మీ కోసం ఆయన పరిస్థితిని ఇంకొంచెం విషమింపజేస్తాను.