అత్తగారి రెండో చావు

ఎమ్రిస్ ప్రొథెరో తన నవలల్లో ఇప్పటికి మూడు రాజ్యాలను తగలబెట్టాడు. లెక్కలేనంతమంది రాజులకు విషం పెట్టాడు. ఏనాడూ చెయ్యి వణకలేదు. అలాంటివాడు ఆ శనివారం పొద్దున పెళ్ళాం మొబైల్ ఫోనును పిండి డబ్బాలో దాచేటప్పుడు మాత్రం గజగజ వణికిపోయాడు.

ముందురోజు సాయంత్రమే అతని తొమ్మిదో నవల దుకాణాల్లోకి వచ్చింది. ఆ సంగతి లోకమంతటికీ తెలుసు, భార్య గ్వెన్నోకు తప్ప. ఇంకా రాస్తున్నానని ఆమెకు చెప్పి, పెరటి గదిలో తలుపు వేసుకుని నెలల తరబడి హాయిగా నిద్రపోతున్నాడు.

ఇంత దొంగతనం ఎందుకంటే, ఆ నవలలో హెగ్గవ్వను చంపేశాడు.

హెగ్గవ్వ పొగమంచు నది మీద పడవ నడిపే ముసలమ్మ. రాజైనా రాక్షసుడైనా నాలుగు తిట్లు తినందే ఆమె పడవ ఎక్కలేడు. ఆ తిట్లు ఎమ్రిస్ కల్పించినవి కావు, అచ్చంగా అత్తగారివి. బతికున్నన్నాళ్ళూ ఆవిడ అల్లుణ్ణి తిట్టింది. ఆవిడ పోయాక అల్లుడు ఆ తిట్లన్నీ ఏరి పుస్తకాల్లో పెడితే జనం ఎగబడి కొన్నారు.

ప్రతి నవలా ముందు గ్వెన్నోయే చదివేది. హెగ్గవ్వ నోరు తెరిచిన చోటల్లా ఆగి, పైకి చదువుకుని, కళ్ళు తుడుచుకునేది. పోయినవాళ్ళ ఫొటోలు అందరి ఇళ్ళలోనూ ఉంటాయి. పోయినవాళ్ళ గొంతు ఎందరికి దక్కుతుంది?

ఎమ్రిస్‌కు మాత్రం విసుగొచ్చింది. బతికున్నప్పుడూ ఆవిడే, పోయాకా ఆవిడేనా? అందుకే పడవ బోల్తా కొట్టించాడు. హెగ్గవ్వ లేకపోతే కథ సాగదు. కథ సాగకపోతే తను నిశ్చింతగా గులాబీలు పెంచుకోవచ్చు.

"గ్వెన్నో, అలా అబరిస్ట్‌విత్ వెళ్ళి సముద్రం చూసొద్దామా?"

"మరి మన కిటికీలోంచి రోజూ కనిపించేదేమిటి, కుడితా?"

"అది వేరే సముద్రం."

"పెళ్ళయిన దగ్గర్నుంచి నన్ను చేపల దుకాణం దాటించలేదు. నీకు ఒంట్లో బాగుందా?"

ఆమె కోటు వెతుక్కునే లోపే చర్చి ముందు బస్సు ఆగింది. అందులోంచి నల్లబట్టలవాళ్ళు ముక్కులు చీదుకుంటూ దిగారు.

"అయ్యో! ఎవరో పోయారు. మనకు ఒక్కరూ చెప్పలేదు చూడు!"

ఆ ఊళ్ళో ఎవరు పోయినా, ఇంటింటి నుంచీ ఉడికించిన పంది మాంసం, ఎండుద్రాక్ష కేకు వెళ్ళాల్సిందే. వట్టి చేతులతో వెళ్ళిన ఆడది చర్చిలో మళ్ళీ తలెత్తుకోలేదు. గ్వెన్నో కేకు పట్టుకుని పరుగు తీసింది. మాంసం పళ్ళెం మొగుడి చేతిలో పెట్టింది.

"వద్దు గ్వెన్నో! వాళ్ళెవరో మనకు తెలియదు!"

"చావుకి తెలిసినవాళ్ళేమిటయ్యా? సిగ్గు లేదూ? నడు!"

అందరికంటే ఎక్కువ ఏడుస్తున్న పొడుగాటి ఆవిడను గ్వెన్నో కావలించుకుంది.

"ఊరుకోమ్మా. పెద్ద వయసేనా?"

"మూడు వందల ఏళ్ళండీ."

దుఃఖంలో మతి చలించిందనుకుని గ్వెన్నో ఆమె వీపు నిమిరింది. "ఎలా పోయిందమ్మా?"

"నదిలో ముంచేశాడండీ!"

"ఎవడు వాడు? పోలీసులకు పట్టించారా?"

"అదిగో, మీ వెనకాలే ఉన్నాడు. మాంసం పళ్ళెం పట్టుకుని!"

గ్వెన్నో నెమ్మదిగా వెనక్కి తిరిగింది.

"ప్రొథెరో గారూ."

కోపం నషాళానికంటితే తప్ప ఆమె మొగుడికి గౌరవం ఇవ్వదు.

"మా అమ్మను చంపారా మీరు?"

"అది కథే గదా..."

"ఒకసారి జ్వరమొచ్చి పోయింది. దానికే ఇంకా ఏడుస్తున్నాను. ఇప్పుడు మీరు, నా పెరట్లో కూర్చుని, నేనిచ్చిన టీ తాగుతూ! పోనీ, పోయే ముందు ఏమంది?"

"ఏమీ అనలేదు. పడవ హఠాత్తుగా..."

"మా అమ్మ! నోరు మెదపకుండా! పోయిందా!"

ఆ మాటతో, రాత్రికి రాత్రే నవల చదివేసి రచయిత ఊళ్ళో దిగిన పాఠకుల గుంపంతా భగ్గుమంది. "అదే మేమూ నమ్మలేదండీ!" అని పొడుగాటి ఆవిడ గొడుగు ఎత్తింది.

ఎమ్రిస్‌కూ రోషం వచ్చింది. "రచయితను నేను! నా నది, నా పడవ. చచ్చినవాళ్ళు చచ్చినట్టే!"

గ్వెన్నో అతని వైపు చూడనైనా చూడలేదు. "శవం దొరికిందా అమ్మా?"

"లేదండీ. పొగమంచు అడ్డమొచ్చిందని రాశాడు."

"అయితే ఇది చావు కేకు కాదు, తినండి. పదో నవలలో ఆవిడ ఒడ్డుకొస్తుంది. ఆయన ఇవాళే మొదలుపెడతారు."

చప్పట్లతో చర్చి మీది పావురాలు లేచిపోయాయి. ఎమ్రిస్ నోరు తెరిచే లోపే ఆ కబురు వాళ్ళ ఫోన్లలోంచి దేశమంతా పాకిపోయింది.

సాయంత్రం పెరటి గదిలో అతను రాస్తుంటే, గ్వెన్నో చేతులు కట్టుకుని ఎదురుగా కూర్చుంది. ఒడ్డెక్కిన హెగ్గవ్వ నోట్లో నీళ్ళు ఉమ్మి, తనను ముంచినవాణ్ణి పేజీ నిండా తిట్టింది. ఎమ్రిస్ ఆ కాగితం భార్యకు అందించాడు.

ఆమె పైకి చదివింది. సగంలో ఆగి, కళ్ళు తుడుచుకుని, చివరిదాకా చదివింది. గండం గడిచిందనుకుని ఎమ్రిస్ కలానికి మూత పెట్టబోయాడు.

గ్వెన్నో కాగితాన్ని తిరిగి అతని ముందుకు తోసింది.

"మా అమ్మ నిన్ను ఇంత మెత్తగా ఎప్పుడు తిట్టింది? మళ్ళీ రాయి."