పొలుసయ్య ముడుచుకున్న పూట

ఒక పెద్ద అడవిలో, ఏటికి ఇవతల, మూటల బట్వాడా ఆఫీసు ఉండేది. ఏరు పొంగినా సరే, తాడుకు వేలాడే బుట్టలో మూటలు అవతలి గట్టుకు చేర్చేవారు. ఆఫీసుకు ఉన్నది ఒక్కడే గుమాస్తా, పొలుసయ్య అనే అలుగు. ఒంటినిండా గట్టి పొలుసులున్నాయి కాబట్టి తనంత భద్రమైన ఉద్యోగి అడవిలోనే లేడని అతని నమ్మకం.

మూటతోపాటు, అది ఎవరికి చేరాలో రాసిన చీటీ ఇవ్వాలి. ఒకరోజు ఓ కుందేలు తొందరలో ఖాళీ చీటీ ఇచ్చింది. పొలుసయ్య అటూ ఇటూ తిప్పి చూశాడు. పేరు లేదు! ఏం చెయ్యాలో తెలియక భయపడ్డాడు. ఠక్కున బంతిలా ముడుచుకుపోయాడు. మళ్లీ విప్పుకునేసరికి మధ్యాహ్నం దాటింది. లైను ఏటి మలుపు దాకా పెరిగింది.

లైనులో ఉన్న ముంగిస వీరమ్మ ఊరుకోలేదు.

“పొలుసయ్యా, ఎవడైనా కావాలని ఖాళీ చీటీలు ఇస్తూపోతే నీ ఆఫీసు మూతపడినట్టే.”

“ఒక్క మూటైనా పోయిందా?” అన్నాడు పొలుసులు సర్దుకుంటూ.

“పోలేదు. చేరనూ లేదు.”

ఆ మాట అధికారి ఏనుగుగారి దాకా వెళ్లింది. ఆయన గంభీరంగా తల ఊపి, “ప్రజలను హెచ్చరించండి” అన్నారు.

తన దస్తూరీ అంటే పొలుసయ్యకు మహా మోజు. నలభై నోటీసులు స్వయంగా రాసి నలభై చెట్లకు అంటించాడు: “ఖాళీ చీటీ ఇచ్చినచో గుమాస్తా ముడుచుకుపోవును. కావున ఎవరూ ఇవ్వరాదు.”

అప్పటిదాకా ఆ కిటుకు ఏ కొంటెవాడికీ తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే దుప్పి సింగారి మందువేరు మూట తెచ్చింది. “అవతలి గట్టున మా పిల్ల ఒళ్లు కాలిపోతోందన్నా. త్వరగా పంపించు.”

పొలుసయ్య మూట అందుకున్నాడో లేదో, పక్కనుంచి ఓ కోతి ఖాళీ చీటీ ముఖం మీద పెట్టింది. అంతే, మూటతో సహా ముడుచుకుపోయాడు.

“నిజమే రోయ్!” అని కోతిమూక కేరింతలు కొట్టింది. అతను కాస్త విప్పుకుంటే చాలు, ఇంకో చీటీ.

“విప్పుకో అన్నా, నీకు దండం పెడతాను.” సింగారి ఏడుపు లోపలికి వినబడుతూనే ఉంది. వేరు వాసన ముక్కుకు తగులుతూనే ఉంది. విప్పుకోవాలని అతనికీ ఉంది. ఒళ్లు మాట వింటేగా! ఇన్నాళ్లూ భద్రత అనుకున్నది ఉత్త పిరికితనమని ఆ చీకట్లో మొదటిసారి తెలిసింది.

చివరికి వీరమ్మ కోరలు చూపించి కోతులను తరిమింది. మూట బుట్టెక్కింది. సాయంత్రానికి పిల్ల లేచి నిలబడిందని కబురొచ్చింది.

“ఖాళీ చీటీ వస్తే ఏం చెయ్యాలి మరి?” పొలుసయ్య సన్నగా అడిగాడు.

“తిరిగిచ్చెయ్. పేరు రాసుకు రమ్మను. తర్వాతివాళ్లను పిలువు.”

“అంతేనా?”

“అంతే.”

మర్నాడు భయపడుతూనే రెండొందల చీటీలు తిప్పి పంపాడు. కోతులు విసుగెత్తి వెళ్లిపోయాయి.

నెల తిరక్కుండా ఏనుగుగారు సభ పెట్టారు. “అంత దాడిలోనూ ఒక్క మూట పోనివ్వని వీరుడు!” అంటూ పొలుసయ్యకు శాలువా కప్పారు. జరిగింది చెప్పేద్దామని అతను నోరు తెరిచాడు. శాలువా మెత్తగా ఉంది. నోరు మూసుకున్నాడు.

నీతి: భద్రతలో బహుమతి కొట్టాలంటే, పని ఆపేయడమే దగ్గరి దారి.