పసుపు రాసిన డబ్బాలు

ఆ శనివారం పొద్దున మల్లికార్జునరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎయిర్‌పోర్టు నుంచి సినిమా ప్రింటు తెప్పించుకుని, ఇండియన్ స్టోర్‌లో సమోసాలు ఎక్కించుకుని, మధ్యాహ్నం హాల్లో బొమ్మ వేసి, సాయంత్రానికి తిట్లు తినకుండా ఇల్లు చేరాలి. అంతే. మిగతావన్నీ మనిషి చేతిలో ఉన్నవే. ఆ తిట్ల సంగతి మాత్రం దేవుడే చూసుకోవాలి కనుక, పాపం, తెల్లారకముందే లేచి తలస్నానం చేసి దీపం పెట్టుకున్నాడు.

మల్లికార్జునరావు చాండ్లర్‌లో చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. అది జీతం కోసం చేసేవాడు. జీవితం కోసం మాత్రం తెలుగు సినిమాలు వేసేవాడు. ఇది 2006 నాటి మాట. సినిమా అంటే అప్పటికింకా రీళ్లే. ఒక్క ప్రింటు న్యూజెర్సీలో బయలుదేరి, ఊరూరా తిరిగి, ఒళ్లంతా గీతలు పడి, ఎప్పటికో అరిజోనా చేరేది. అప్పుడు ఇతను ఓ అమెరికన్ థియేటర్లో హాలు అద్దెకు తీసుకుని, ఊళ్లో తెలుగువాళ్లందరికీ ఈమెయిళ్లు కొట్టి, ఆట వేసేవాడు. చీకట్లో అంతమంది ఒక్కసారిగా ఈల వేస్తే, బయట ఉన్నది ఎడారి అన్న సంగతి అతనికి గుర్తుండేది కాదు. ఆ మూడు గంటలే అతనికి ప్రాణం.

కానీ ఏం లాభం? ఈ మధ్య వేసిన ప్రతి ఆటా పరువు తీసింది. ఓసారి ప్రింటు రాక జనం పొద్దుపోయేదాకా పార్కింగ్ లాట్‌లో పడిగాపులు కాశారు. ఇంకోసారి ఇంటర్వెల్ తర్వాతి రీలు ముందే పడి, చచ్చిపోయిన తండ్రి వచ్చి హీరోకి పెళ్లి చేశాడు. ఆ తర్వాతి సినిమా వేళకే వచ్చింది, వరసగానే పడింది. అన్నిటికంటే ఎక్కువ తిట్లు దానికే పడ్డాయి, ఎందుకంటే జనం దాన్ని పూర్తిగా చూశారు.

అందుకే అతని భార్య విద్య ఈసారి కచ్చితంగా చెప్పేసింది. "చూడండీ, ఈ ఆట తర్వాత ఒక్కడంటే ఒక్కడు మిమ్మల్ని తిట్టినా ఇదే ఆఖరు. గరాజ్‌లో ఆ పోస్టర్లన్నీ పీకేసి నా కారు పెట్టుకుంటా. ఒట్టేయండి."

అతను పదోక్లాసు చదువుతున్న కూతురు నిధి నెత్తిన చెయ్యి పెట్టబోయాడు.

"నాన్నా, ప్లీజ్, నా హెడ్ మీద వొద్దు. నాకు ఎస్.ఎ.టి. ఎగ్జామ్ ఉంది," అని నిధి తల తప్పించింది. చివరికి ఫ్రిజ్ మీదున్న వెంకటేశ్వరస్వామి మాగ్నెట్ మీద ఒట్టేశాడు.

ఎయిర్‌పోర్టుకి వెళ్లింది వీరభద్రరావు. మల్లికార్జునరావు ప్రాణస్నేహితుడు, రియల్ ఎస్టేట్ ఏజెంటు, వాస్తు పిచ్చి. పది గంటలకల్లా వ్యాన్‌లో డబ్బాలు వేసుకుని దిగాడు.

"ఏం ఇబ్బంది కాలేదు గురూ! కార్గోలో కూర్చున్నవాడు 'ఫారిన్ ఫిల్మా?' అన్నాడు. మనకి కాదనుకో, వాడికి ఫారినే కదా! 'యెస్, యెస్, ఫారిన్' అని సంతకం పెట్టేసి పట్టుకొచ్చా," అన్నాడు.

"డబ్బా మీద పేరు చూశావా?"

"చూద్దాం గానీ, ముందు పూజ కానీయ్. ఇన్నాళ్లూ పూజ చేయకుండా వేశావు కాబట్టే అలా తగలడింది."

అతను డబ్బాలను గరాజ్‌లో తూర్పు ముఖంగా పెట్టాడు. ఇనప డబ్బాకి ముఖం ఎక్కడుంటుందని అడగకండి. తెల్ల కాగితం అంటించి ఏదో రాసి ఉంటుంది చూశారూ, అదే ముఖమని తేల్చాడు. ఆ ముఖానికి దట్టంగా పసుపు రాసి, అర్ధరూపాయంత కుంకుమ బొట్టు పెట్టి, కాస్ట్‌కో స్టోర్‌లో కొన్న చామంతులు చుట్టి, కొబ్బరికాయ కొట్టాడు. కొబ్బరినీళ్లు కారి, పసుపు కరిగి, కాగితం మీద మిగిలిన అక్షరాలు కూడా కనబడకుండా పోయాయి. "ఇహ హాలుకి చేరేదాకా మూత తీయకూడదు," అని శాసించాడు కూడా. మల్లికార్జునరావు కళ్లు మూసుకుని డబ్బాకి దండం పెట్టాడు.

సినిమా పేరు నేను చెప్పను. దాని నిర్మాత ఇంకా బతికే ఉన్నాడు. మల్లికార్జునరావు మాత్రం అప్పటికే దాని ట్రైలరు కళ్లు కాయలు కాచేలా చూసి, "ఇది ఇంటర్నేషనల్ లెవెల్లో ఉంటుంది విద్యా, రాసిపెట్టుకో," అని చెప్పి ఉన్నాడు.

హాల్లో ప్రొజెక్టర్ నడిపేవాడు డస్టిన్ అనే అమెరికన్ కుర్రవాడు. ఎప్పుడు దొరికినా అతనికి మల్లికార్జునరావు ఒకటే పాఠం చెప్పేవాడు: "మా భాషని ఏమంటారో తెలుసా? ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్!" డస్టిన్ చూయింగ్ గమ్ నములుతూ తలూపేవాడు. ఆ రోజు పసుపు డబ్బాలు అందుకుంటూ కూడా తలూపాడు. ఆ తల లోపలికి ఏమైనా వెళ్తోందని మల్లికార్జునరావు ఏనాడూ అనుకోలేదు.

హాలు నిండింది. ముందు వరసల్లో యూనివర్సిటీలో ఎం.ఎస్. చదివే కుర్రాళ్లు జేబుల నిండా కాగితం ముక్కలు కుక్కుకుని కూర్చున్నారు. మధ్యలో సంసారులు. చివర్న ఛాయాదేవి ఆంటీ, అంటే ఊళ్లో అందరి పిల్లలకూ అక్షరాభ్యాసం చేయించే పెద్దావిడ, శాలువా కప్పుకుని కూర్చుంది. లైట్లు ఆరాయి. మల్లికార్జునరావు లాబీలో సమోసాలు సర్దుతూ చెవి తలుపుకి ఆనించాడు.

తెర మీద సముద్రం, అందులో ఖాళీ పడవ. పేర్లు ఏదో వంకర అక్షరాల్లో పడ్డాయి. "టైటిల్స్ ఇటలీలో చేయించారంట భై, ఫుల్ బడ్జెట్," అని ముందు వరసలో అక్షయ్ అనే కుర్రవాడు పక్కవాడికి చెప్పాడు. తర్వాత ఇసక తిన్నె. ఇసక కదిలింది. అందులోంచి ఓ చెయ్యి పైకి లేచింది.

తెలుగువాడికి చెప్పాలా? ముందు కాలు చూపిస్తారు, లేకపోతే చెయ్యి, ఆ తర్వాతే మొహం. హాలు దద్దరిల్లిపోయింది. ఈలలు, కేకలు, కాగితాల వర్షం. లాబీలో మల్లికార్జునరావుకి ప్రాణం లేచొచ్చింది. "హిట్టు భద్రం! హిట్టు!" అని వీరభద్రరావుని కావిలించుకున్నాడు.

అప్పుడు తెర మీద మొహం వచ్చింది. ఉప్మా ముద్ద మెత్తి ఆరబెట్టినట్టుంది. ఓ కన్ను లేదు.

కేకలు ఆగిపోయాయి.

"గెటప్ రా!" అన్నాడెవరో, నమ్మకం లేకుండా.

ఇంతలో ఇంకో మొహం లేచింది. ఆ వెనక ఇంకోటి. లోపల నిశ్శబ్దం వినబడి మల్లికార్జునరావు తలుపు తోసుకుని వెళ్లాడు. తెర మీద శవాలన్నీ వరసగా అతని వైపే నడిచి వస్తున్నాయి.  ప్రొజెక్టర్ గదికి మెట్లెక్కి పరిగెత్తాడు.

"డస్టిన్! ఏంటిది? ఇది మా సినిమా కాదు!"

డస్టిన్ గమ్ నమలడం ఆపాడు. "ఇటాలియన్‌లో ఉంది కదా అని వేశాను. మీ భాష ఇటాలియనేనని ప్రతిసారీ మీరే చెప్తారుగా?"

మల్లికార్జునరావు వంగి డబ్బా మీది కాగితాన్ని కర్చీఫ్‌తో తుడిచాడు. పసుపు కింద యూనివర్సిటీ ఫిల్మ్ క్లబ్బు పేరు బయటపడింది. కార్గోకి ఫోన్ చేస్తే, రెండో సెట్టు డబ్బాలు ఆ క్లబ్బువాళ్లు పొద్దున్నే తీసుకెళ్లారని చెప్పారు. క్లబ్బుకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. వాళ్లకిప్పుడు ఏదో షో నడుస్తోందని రికార్డు చేసిన మాట వినబడింది.

"కొంప మునిగింది భద్రం," అని మెట్ల మీద కూలబడ్డాడు. "నా బతుకింతే. నేను సినిమా ముట్టుకుంటే శవాలే లేస్తాయి."

"డబ్బా తూర్పుకే పెట్టాను గురూ, నా తప్పేం లేదు," అన్నాడు వీరభద్రరావు.

ఇక చేసేదేముంది? స్టేజి ఎక్కి చేతులు జోడించి, అందరి తిట్లూ ఒక్కసారే తినేసి, ఇంటికెళ్లి పోస్టర్లు పీకేసుకోవడమే. కళ్లు తుడుచుకుని హాల్లోకి వెళ్లాడు. తెర ముందుకు చేరేలోపే చీకట్లోంచి ఓ కేక వినిపించింది.

"అరే, శవం చేతికి వాచీ ఉంది చూడండ్రా!"

నిజంగానే ఉంది. హాలంతా గొల్లుమంది. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. "ఇందాక చర్చిలో చచ్చినోడు వీడే, చొక్కా మార్చిండు అంతే!" అన్నాడు అక్షయ్. హీరోయిన్ ఇంట్లోంచి పగలు బయటికొచ్చి, వాకిట్లో అడుగు పెట్టేసరికి రాత్రయింది. సమాధి రాయికి ఆమె చీర... కాదు, గౌను తగిలితే రాయి ఊగింది. హీరోకీ, పోలీసుకీ, చచ్చిపోయే ముసలమ్మకీ ఒకే గొంతుతో డబ్బింగు. మాట ఆగాక కూడా పెదాలు ఇంకా ఆడుతూనే ఉన్నాయి. నెత్తురు అచ్చంగా టమాటా పప్పు, అందులో గింజలు కూడా కనిపించాయి.

అన్నిటికంటే ఛాయాదేవి ఆంటీ బాధ చూడాల్సిందే. ఆవిడ శాలువా విసిరేసి లేచి నిలబడింది. "ఓసి పిచ్చిమొహమా, పరిగెత్తవే! వాడు సరిగ్గా నడవలేకపోతున్నాడే! వాడికి దొరికిపోవడానికి ఆగి వెనక్కి చూస్తావెందుకే!" హీరోయిన్ ఆగి వెనక్కి చూసింది. దొరికిపోయింది. హాలు చప్పట్లతో మోగిపోయింది.

మల్లికార్జునరావు చేతులు జోడించినవి జోడించినట్టే ఉన్నాయి. విద్య ఎక్కడుందా అని వెతికాడు. అతను వేసిన ఆటలన్నిటిలోనూ మొహం ముడుచుకుని కూర్చున్న విద్య, ఇవాళ నిధి భుజం మీద వాలిపోయి కన్నీళ్లు వచ్చేలా నవ్వుతోంది.

ఆట అయ్యాక అతన్ని తిట్టినవాడు లేడు. "అద్భుతం అన్నా! ఏం ప్లాన్ చేశారు!" అని కుర్రాళ్లు అతని చేతులు పట్టుకుని ఊపేశారు. "చాలా రోజులైంది నాయనా ఇంత నవ్వి," అని ఛాయాదేవి ఆంటీ తల నిమిరింది. అక్కడితో ఊరుకుని ఇంటికెళ్తే అతను మల్లికార్జునరావు ఎందుకవుతాడు? తెర ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"అందరూ క్షమించాలి. ఇది పొరపాటున వచ్చిన చెత్త. అసలు సినిమా రేపు వేస్తాను. టికెట్ అక్కర్లేదు. రేపు చూడండి, తెలుగువాడి సత్తా ఏంటో!"

ఆదివారం పొద్దున్నే ఫిల్మ్ క్లబ్బు అమ్మాయి, టీషర్టు మీద పుర్రె బొమ్మతో, డబ్బాలు పట్టుకొచ్చింది. మల్లికార్జునరావు శవాల డబ్బాలు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె చేతులకి పసుపు అంటుకుంది.

"మీ సినిమా కూడా పొరపాటున వేసేశాం. మొత్తం చూశాం. నా జీవితంలో ఇలాంటిది చూడలేదు!" అంది ఆమె కళ్లు పెద్దవి చేసి.

"చూశావా విద్యా! అమెరికన్లే అంటున్నారు!" అని అతను పొంగిపోయాడు. ఆ అమ్మాయి ఇంకేదో చెప్పబోయింది. హాలుకి టైమైపోతోందని అతను వినలేదు.

ఈసారి డబ్బా మీద పేరు బిగ్గరగా చదివి మరీ డస్టిన్‌కి ఇచ్చాడు. నిన్నటి జనమే వచ్చారు. నిన్నటి కళ్లతోనే వచ్చారు. తప్పులు ఏరడం ఓ ఆటంతా ప్రాక్టీసు చేసిన కళ్లు అవి.

హీరో కాలేజీ కుర్రవాడి వేషంలో దిగాడు. "ఆయన ప్రిన్సిపాల్ కాదా?" అంది నిధి. హీరోయిన్ ఏడుపు రాజమండ్రిలో మొదలై స్విట్జర్లాండ్‌లో ముగిసింది, మధ్యలో చీర ఎనిమిది రంగులు మారింది. ఆమె పెదాలు ఓ భాషలో, మాటలు ఇంకో భాషలో ఉన్నాయి. హీరో తొడగొడితే జీపులు లేచాయి. కిందటి ఫైట్‌లో చచ్చిన రౌడీ ఈ ఫైట్‌లో మీసం పెట్టుకుని మళ్లీ చచ్చాడు. నెత్తురు మళ్లీ టమాటా పప్పే.

విచిత్రం ఏమిటంటే, ఈసారి ఎవరూ నవ్వలేదు. పరాయివాడి చెత్త చూస్తే వినోదం, మనది చూస్తే కడుపు మండుతుంది. ఇంటర్వెల్‌కి హాలు ఉడికిపోతోంది.

"ఏందన్నా ఇది? నిన్న మంచిగ నవ్వించి, ఇవాళ గిట్ల సంపుతవా?" అన్నాడు అక్షయ్.

"నిన్నటి శవాలే నయం! అవే వేయండి!" అని మధ్య వరసలోంచి అరిచారు. "శవాలు! శవాలు!" అని హాలంతా అందుకుంది. పల్లెత్తు మాట అనని ఛాయాదేవి ఆంటీ దగ్గరికొచ్చి, "నీకు బుద్ధుందా నాయనా? ఆదివారం పూట పిల్లాపాపల్తో వచ్చామే," అంది. ఆ మాటకి అతనికి గుండె పగిలినంత పనైంది. ఇష్టమైన సినిమా కోసం, ఇష్టమైన జనం చేత, అదీ ఉచితంగా చూపించి మరీ తిట్లు తిన్నాడు. తప్పు డబ్బాలు కాపాడిన మనిషిని సరైన డబ్బాలు ముంచేశాయి.

ఇంటికి రాగానే ఎవరూ అడగకుండానే గరాజ్‌లోకి వెళ్లి ఒక్కొక్క పోస్టరూ తీయడం మొదలుపెట్టాడు. ఇహ తన బతుకులో ఈల వినబడదు. విద్యే ఆ వాలకం చూడలేకపోయింది.

"పోనీండి, సగం గోడకి ఉంచుకోండి," అంది.

"ఒట్టు ఒట్టే," అన్నాడు అతను, మొహం గోడ వైపు తిప్పుకుని.

అప్పుడే నిధి ఫోన్ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "నాన్నా! ఆ ఫిల్మ్ క్లబ్ అమ్మాయి! మన మూవీకి వాళ్ల ఫెస్టివల్‌లో ఫస్ట్ ప్రైజ్ వచ్చిందంట! కప్ ఇస్తారంట!"

మల్లికార్జునరావు చేతిలో పోస్టరు జారిపోయింది. "చెప్పానా! ఇంటర్నేషనల్ లెవెల్ అని చెప్పానా లేదా! మనవాళ్లకి తెలియదు, విద్యా, బయటివాళ్లకే తెలుస్తుంది విలువ!" అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏం ఫెస్టివల్ తల్లీ అది?"

నిధి ఫోన్‌లో కనుక్కుంది. తండ్రి మొహం చూసింది, తల్లి మొహం చూసింది.

"ప్రపంచంలో చెత్త సినిమాలకి, నాన్నా. ప్రతి ఇయర్ ఆ ఇటాలియన్ జాంబీ మూవీయే గెలుస్తుందంట. ఈసారి అది రాలేదు కదా... వచ్చినా మనదే గెలిచేదంటున్నారు."

తర్వాతి వారం కప్పు పోస్టులో వచ్చింది. పారేయమని అతనన్నాడు, ఎంతైనా గెలిచింది కదా అని విద్య ఒప్పుకోలేదు. ఇప్పటికీ అది వాళ్ల ఇంటి హాల్లో టీవీ పక్కనే ఉంది. దాని మీద చెక్కిన అక్షరాలు వచ్చేపోయేవాళ్లకి కనబడకుండా, విద్య ప్రతి శుక్రవారం దట్టంగా పసుపు రాసి బొట్టు పెడుతుంది.