మిగతా మూడు ఇంచులు

గురువారం పొద్దున హుమా వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం వరకు ఆఫీసు, ఆ తర్వాత భర్త షకీల్ బండి వెనక కూర్చుని హార్స్లీ హిల్స్. పెళ్లయ్యాక ఇద్దరూ కలిసి సరదాకి ఊరు దాటడం ఇదే మొదలు. కొండ మీద చలి ఉంటుందని ఒక స్వెటర్, ఆ స్వెటర్ ఫొటోల్లో బాగుండకపోతే ఎలాగని ఇంకో స్వెటర్ సంచిలో పెట్టుకుంది. మదనపల్లెలో ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే షకీల్, ఎవరి మిక్సీనైనా సోమవారానికే ఇస్తానని ముందే చెప్పేశాడు. అంగడి మూస్తున్నందుకు అతనికున్న ఉత్సాహం అంగడి తెరిచిన రోజున కూడా లేదు.

హుమా పనిచేసేది చిన్నస్వామి గారి డ్రాయింగ్ ఆఫీసులో. కంప్యూటర్ మీద ఇళ్ల ప్లాన్లు గీయడం పని. ఇంకా కొత్త. ఉద్యోగం ఖాయమా కాదా అన్నది శనివారం చెబుతానని ఆయన అన్నాడు. ఆ ఉద్యోగం మీద ఆమెకు చాలా ఆశ. తను గీసిన గీతలు ఎక్కడో గోడలై నిలబడతాయన్న మాట తలచుకుంటేనే ఆమెకు నవ్వు ఆగేది కాదు.

చిన్నస్వామికి మాత్రం నవ్వు రాదు. ఆయన మాట్లాడడు, కోప్పడతాడు. "గుడ్ మార్నింగ్" కూడా ఆయన నోట్లో నేరం మోపినట్టే ఉంటుంది.

"గీత గీసే ముందు ఏ లేయర్‌లో ఉండావో సూసుకో. మాటిమాటికీ సేవ్ కొట్టు. ఫైలు పేరులో 'ఫైనల్' అని పెట్టినావంటే సెయ్యి ఇరుస్తా. ఫైనల్ అనేది బిల్డింగ్ కూలినాకే! ఇంగ ఆ గాజులు యాలమ్మా అంత సప్పుడు సేస్తాండాయి?"

"కొత్త గాజులు సార్," అంది హుమా సంతోషంగా.

ఆ రోజు ఆమె పంపాల్సింది ఒకే ఒక్క ఫైలు. పుంగనూరులో టమోటా మండీ నడిపే నల్లప్ప కొత్త ఇంటి వంటగది. సోమవారం గృహప్రవేశం. పొయ్యి పెట్టే గట్టుకు అతుకు లేని ఒకే గ్రానైట్ రాయి కావాలని ఆయన భార్య బయ్యమ్మ పట్టుబట్టింది. పాత ఇంట్లో గట్టు అతుకులోకి పాలు పొంగి పోయేవి, చీమలు ఆ సందులోనే కాపురం పెట్టాయి. కుప్పంలో గ్రానైట్ కోసే వజీర్ మామూలుగా టేపు ఇచ్చి మనిషిని పంపి కొలిపించుకుంటాడు. ఈసారి చిన్నస్వామి అడ్డుపడ్డాడు. "నా ఆఫీసు ఫైలు ఉండంగా టేపు యాలప్పా? నీ కొత్త మిషను ఫైలు తీసుకుంటాది గదా, దానికే ఏసేయ్!" అన్నాడు.

హుమా ఫైలు పంపబోతుండగా నల్లప్ప ఫోన్ చేశాడు.

"అమ్మా, మా వంటింటి గోడ మీ కాయితంలో ఇంగా పదడుగులే ఉండాది. వాస్తు సూసేటాయన మూడించులు పెంచమంటే మేస్త్రీ అప్పుడే పెంచి కట్టేసినాడు. పది మూడని మార్చి పంపమ్మా."

మార్చడానికి రెండు దారులున్నాయి. ఒకటి, గోడ గీతనే మూడు ఇంచులు జరపడం. దాంతోపాటు గట్టు, సింకు రంధ్రం, కిటికీ అన్నీ సరిచూసుకోవాలి. రెండోది, పక్కనున్న కొలత అంకెను చెరిపి కొత్త అంకె టైపు చేయడం. రెండోది గాజులు ఒక్కసారి గలగలలాడేలోపు అయిపోతుంది. బయట షకీల్ హారన్ కొట్టాడు. గాజులు ఒక్కసారి గలగలలాడాయి. కాగితం మీద పది అడుగుల మూడు ఇంచులు అని చక్కగా వచ్చింది. దాని కింద ఉన్న గీతకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

కొండ మీద మబ్బు చేతికి అందింది. రెండు స్వెటర్లూ ఫొటోల్లో బాగున్నాయి.

శనివారం పొద్దున ఆఫీసు ఫోన్ మోగింది. చిన్నస్వామి తీశాడు. అవతల నల్లప్ప అరుపు హుమా కుర్చీ దాకా వినిపించింది.

"ఏమప్పా చిన్నస్వామీ! రాయి వచ్చినాది, గోడకు ఆనలేదు! పక్కన సందు ఉండాది! మా ఆడామె ఆ సందులో నూనె డబ్బా పెట్టి నాకు సూపిస్తాండాది! ఎల్లుండి గృహప్రవేశం, ఏం జేయాల నేను?"

హుమా కుర్చీలోంచి లేచింది. "సార్, అది..."

"నువ్వు ఉండమ్మా!" అని చిన్నస్వామి కాగితం లాక్కుని చూశాడు. పది మూడు. ఆయన మొహం వెలిగింది. తప్పు తనది కాదని తెలిసిన మనిషి కోపానికి ఉండే హాయి ఇంకే కోపానికీ ఉండదు. వెంటనే కుప్పానికి ఫోన్ చేశాడు.

"వజీర్ భాయ్! నీ మిషనుకు కండ్లు పోయినాయా? నా కాయితంలో పది మూడని ఉంటే నువ్వేం కోసినావు?"

"మిషనుకు సదువు రాదప్పా!" వజీర్ గొంతు ఇంకా పెద్దది. "అది అంకె సదవదు. గీత యాడికి పోతే ఆడికి కోస్తాది. నా కొత్త మిషనును అంటావా? ఉండు, పుంగనూరికే వస్తాండా, అందరి ముందరే తేల్చుకుందాం!"

"సార్, ఒక్క మాట..." అంది హుమా.

"ఒక్క మాటా లేదు! ల్యాప్‌టాప్ తీసుకో. పుంగనూరు పోతాండాం!"

దారి పొడవునా చిన్నస్వామి ప్రతిజ్ఞలు చేశాడు. ఊరు దాటేటప్పుడు తప్పు చేసినవాళ్లను తిడతానన్నాడు. సగం దారిలో తీసేస్తానన్నాడు. పుంగనూరు పొలిమేరలో, మదనపల్లె నుంచి కుప్పం దాకా ఏ ఆఫీసులోనూ మౌస్ ముట్టనివ్వనన్నాడు. హుమా నాలుగుసార్లు నోరు తెరిచింది. నాలుగుసార్లూ ఆయన గేరు మార్చాడు.

వంటగదిలో నల్లప్ప, బయ్యమ్మ, మేస్త్రీ నరసింహులు నిలబడి ఉన్నారు. చిన్నస్వామి గడపలోనే మొదలుపెట్టాడు.

"నా డ్రాయింగు కరెక్టు. గోడే ఎక్కువ కట్టుంటావు నరసింహులూ!"

"నేనా?" నరసింహులు మెడలో నరాలు లేచాయి. "నా గోడను అంటావా? పూత లోపల ఇటికె యాడ ఉండాదో సూపిస్తా, సూడు!" అంటూ సుత్తి తీసి, ముందు రోజే రంగు వేసిన గోడ మూల మీద ఒక్కటి వేశాడు. చాపంత పూత ఊడి నేల మీద పడింది.

"అయ్యో, నా గోడ!" బయ్యమ్మ కేక పెట్టింది. "రాయి పాయె, ఇప్పుడు గోడా పాయె! ఇల్లు కడతాండారా, పీకతాండారా?"

"కొలువమ్మా, కొలువు!" నరసింహులు టేపు విసిరాడు. కొలిచారు. గోడ నుంచి గోడకు సరిగ్గా పది అడుగుల మూడు ఇంచులు. గోడ నిర్దోషి అని తేలింది, కాకపోతే ఇప్పుడు దానికి ఒక గుంత ఉంది.

అంతలో టెంపో ఆగింది. వజీర్ దిగి, ఎవరినీ పలకరించకుండా ఫోన్ తీసి, మిషన్ తెర మీద కనబడే గీత ఫొటోను అందరి ముక్కుల ముందూ తిప్పాడు.

"మీరు పంపిన గీత ఎంతో నా రాయి అంతే. ఒక్క దారం తేడా ఉంటే నా అంగడి మూసేస్తా!"

నల్లప్ప తువ్వాలు దులిపాడు. "అయితే ఎవురప్పా చేసినాడు? నాకు మనిషి కావాల!"

"నేను మాటిస్తాండా నల్లప్పా," చిన్నస్వామి రొమ్ము మీద చెయ్యి పెట్టుకున్నాడు. "నా ఆఫీసులో గీత జరపకుండా అంకె మార్చినోళ్లు ఎవురైనా కానీ, ఇక ఆఫీసు గడప తొక్కరు. నీ ఎదురుగానే తీసేస్తా. ఇది నా మాట!"

"విన్నావా బయ్యమ్మా? నువ్వే సాక్షి," అన్నాడు నల్లప్ప.

"నేనే సార్," అంది హుమా. "గురువారం నేనే మార్చినాను. గీత జరపలేదు. పది చెరిపి పది మూడని కొట్టినాను."

వంటగదిలో అందరూ ఒకేసారి వేడెక్కారు.

"పో! ఇంటికి పో!" అన్నాడు చిన్నస్వామి. "మళ్లా ఆఫీసుకు రావద్దు!"

హుమా ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. గడప దగ్గర వెనక్కి తిరిగి, తను పాడుచేసిన గట్టు వంక చివరిసారి చూసింది. సందులో నూనె డబ్బా ఇంకా అలాగే ఉంది. అది అయిదు లీటర్ల డబ్బా.

మూడు ఇంచుల సందులో అయిదు లీటర్ల డబ్బా ఎలా పట్టింది?

ఆమె వెనక్కి వచ్చి నరసింహులు చేతిలోని టేపు తీసుకుంది. రాయిని ఈ కొస నుంచి ఆ కొసకు కొలిచింది.

"గోడ పది మూడు. రాయి తొమ్మిది అడుగుల తొమ్మిది ఇంచులు. తక్కువైంది ఆరించులు సార్. మూడు నావి. మిగతా మూడు ఎవరివి?"

"మూడైనా ఆరైనా అన్నీ నీవే!" చిన్నస్వామి కసిరాడు. "ఫైలు ముట్టుకున్నది నువ్వే గదా!"

అప్పుడు హుమాకు కోపం వచ్చింది. పెళ్లయ్యాక రావడం ఇదే మొదలు. ఇన్నాళ్లూ లోపల వాడకుండా ఉన్నందుకేమో, అది చాలా పదునుగా ఉంది. ల్యాప్‌టాప్ తీసి గ్రానైట్ రాయి మీదే టప్పున పెట్టి తెరిచింది.

"సూడండి సార్. నేను కొట్టిన అంకె తీసేస్తాండాను. ఇప్పుడు గీత అసలు పొడుగెంతో కంప్యూటరే రాస్తాది."

తెర మీద కొలత దానంతటదే మారింది. తొమ్మిది అడుగుల తొమ్మిది ఇంచులు.

"నేను గీత ముట్టుకోలేదు. ముట్టుకోకపోవడమే నా తప్పు, ఒప్పుకుంటాను. అయితే ముట్టుకోని గీత పదడుగులు ఉండాల గదా? తొమ్మిది తొమ్మిది యాల ఉండాది? నాకంటే ముందు దాని మీద పదని కొట్టిందెవరు సార్?"

చిన్నస్వామి తెర వంక చూశాడు. ఫైలు గీసిందీ, ఇల్లు కట్టడం మొదలుకాక ముందు నుంచీ దగ్గర పెట్టుకున్నదీ ఆయనే. ఆయన నోరు తెరిచాడు గాని, ఈసారి అందులో కోపం దొరకలేదు.

బయ్యమ్మ నూనె డబ్బా చంకలో పెట్టుకుని ముందుకొచ్చింది. "నాకు తెలుసు గదా! మొదట్లో మీ ఆఫీసుకు వచ్చి, మా ఫ్రిజ్జు పట్టదు, వంటిల్లు మూడించులు పెంచు నాయనా అంటే, ఈ సారే నా ముందర కూసోని టకటకా కొట్టినాడు. నాకు తెప్పించిన కాఫీ ఆరకముందే 'పెంచేసినానమ్మా' అన్నాడు. ఎంత చురుకైన మనిషో అని ఊరంతా చెప్పుకున్నా!"

వజీర్ పగలబడి నవ్వబోయి, కొత్త మిషన్‌ను ఆయన తిట్టిన సంగతి గుర్తొచ్చి మళ్లీ కోపంగా మొహం పెట్టాడు. "ఆ బిడ్డ తన తప్పు తనే చెప్పేసినాది. నీకేమైందప్పా? నా మిషనుకు కండ్లు పోయినాయి అంటివి గదా!"

"నా గోడకు గుంత పెట్టిస్తివి!" అన్నాడు నరసింహులు, సుత్తిని వీపు వెనక్కి దాచుకుంటూ.

నల్లప్ప మాత్రం నెమ్మదిగా చిన్నస్వామి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఆ బిడ్డను నా ఎదురుగానే తీసేస్తివి, సరే. ఇప్పుడు నిన్ను ఎవురు తీసేయాలప్పా?"

చిన్నస్వామి మంచినీళ్లు అడిగాడు. తాగాడు. ఇంకో గ్లాసు అడిగాడు. ఇచ్చిన మాట చిన్నదేమీ కాదు, పైగా సాక్షి నూనె డబ్బాతో సహా నిలబడి ఉంది.

"హుమా," అన్నాడు చివరికి. ఆయన గొంతు అంత తక్కువ స్థాయిలో కూడా పనిచేస్తుందని ఆమెకు అప్పుడే తెలిసింది. "గీత జరుపమ్మా."

హుమా సిమెంటు మూట మీద కూర్చుని గీత జరిపింది. గట్టు, సింకు రంధ్రం, కిటికీ ఒక్కొక్కటీ సరిచూసింది. మాటిమాటికీ సేవ్ కొట్టింది. నరసింహులు టేపు పట్టుకోగా ప్రతి కొలతనూ గోడ మీద మళ్లీ కొలిచింది. ఎవరూ తొందర పెట్టలేదు. తొందర పెట్టబోయిన నల్లప్పను బయ్యమ్మే ఆపింది. కొత్త రాయి దగ్గరుండి కోయించి తెస్తానని చిన్నస్వామి టెంపో ఎక్కాడు. ముందు సీటులో తనకూ ఆయనకూ మధ్య వజీర్ పెద్ద టేపు ఒకటి పెట్టాడు.

సోమవారం పొద్దున కొత్త రాయి ఈ గోడ నుంచి ఆ గోడకు ఆనుకుని కూర్చుంది. బయ్యమ్మ పొయ్యి వెలిగించింది. పాలు పొంగి రాయంతా పారాయి, దూరడానికి ఒక్క సందు కూడా దొరకక నేల మీదికి కారాయి. ఆ మధ్యాహ్నం హుమా ఆఫీసుకు వచ్చి తన కుర్చీలో కూర్చుంది. చిన్నస్వామి ఇంకో ఇంటి ఫైలు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

ఇచ్చిన మాట ప్రకారం ఆఫీసులో ఇద్దరినీ తీసేయాల్సి ఉంది గాని, తీసేయడానికి కూడా ఒకరు మిగలాలి కాబట్టి ఆ పని ఎప్పటికీ కుదరలేదు.